గుమ్మాన్ని ముట్టని గోదావరి

గోదావరి మీద ఇంకా రైలు వంతెన పడని రోజులు. మా అక్కను ఏటి నడుమ ఒక లంకలో పొగాకు పండించే ఇంటికి ఇచ్చారు. బావ రాజమండ్రి కాలేజీలో లెక్కలు చదివి వచ్చాడు. చదువు ఒంటబట్టినవాళ్ళు కొందరుంటారు, తలకెక్కినవాళ్ళు కొందరుంటారు. మా బావది రెండో రకం. పొగాకు ఎండిందో లేదో చూడమని కూలివాణ్ణి పంపి, తను అరుగు మీద కూర్చుని లిమిట్టు గురించి ఆలోచించేవాడు.

లంకల్లో ఒక పద్ధతి ఉంది. ఒడ్డు కోసుకుపోయి నీరు ఇంటి దగ్గరికి వస్తే, వరదకు ముందే తాటాకు కప్పు దింపి, రాటలు పీకి, తలుపులు ఊడదీసి, ఇంటిని లంక లోపలికి మార్చుకుంటారు. అందులో సిగ్గేమీ లేదు. ఆ ఏడు ఇరుగుపొరుగంతా మార్చుకున్నారు. మనమూ మారదామని అక్క రోజూ పోరుపెట్టింది. చంటిపిల్లతో వరదలో ఎక్కడికి పరిగెత్తాలని ఆవిడ భయం. నేను చూడడానికి వెళ్తే, నువ్వైనా చెప్పి చూడమని ఏడ్చింది.

చెప్పాను. బావ నావైపు జాలిగా చూసి, పుల్లతో ఇసుకలో గీత గీశాడు. ఈ చివర గుమ్మం, ఆ చివర నీళ్ళు. నిరుటి వరద మధ్య నేలలో సగం తిన్నది. ముందటేడూ సగమే తిన్నది. ఇకమీదా మిగిలినదాంట్లో సగమే తింటుంది. నీళ్ళు గుమ్మానికి మనం కోరినంత దగ్గరగా వస్తాయట గానీ, ఎన్నేళ్ళయినా గుమ్మాన్ని ముట్టుకోవట.

"మరి ఒక్కసారే కోసేస్తేనో, బావా?" అన్నాను.

"అలా గెంతదోయ్. కంటిన్యుటీ అని ఒకటుంది. నీకు తెలీదులే."

నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషికి పిల్లనిచ్చినందుకు మా నాన్నగారిని కూడా మనసులో నాలుగు తిట్టుకున్నాను.

శ్రావణంలో వరద వచ్చింది. గోదావరి కాలేజీలో చదవలేదు గనక సగం దగ్గర ఆగలేదు. మిట్టమధ్యాహ్నం ముంగిలి, అరుగు, గుమ్మం, వంటపాక ఒక్క పెళ్ళగా విరిగి నీళ్ళలో పడ్డాయి. లోపలికి మారిన పొరుగువాళ్ళే పడవ తెచ్చి ముగ్గురినీ కొవ్వూరులో మా ఇంటికి చేర్చారు. అక్క పిల్లను పొదివి పట్టుకుని తల తుడుస్తోంది. బావ మాత్రం కాళ్ళైనా కడుక్కోకుండా, లెక్కలో తప్పు లేదని, నదే నియమం తప్పిందని నాన్నగారికి వివరించాడు. నాన్నగారు మర్యాదస్తులు, మజ్జిగ ఇమ్మన్నారు. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు.

వరద తీశాక బావ లంకకు వెళ్ళి, ఒండ్రు బాగా పడిందని మళ్ళీ ఒడ్డు అంచునే పాక వేశాడు. కార్తీకంలో అక్కను తీసుకెళ్ళడానికి వచ్చాడు. లెక్క కొత్తగా కట్టాడట, ఈసారి భయం లేదట. అక్క పిల్లను చంకనేసుకుని అంతా ఓపిగ్గా విన్నది.

"వస్తానండి," అంది. "ఇవాళ సగం దూరం వస్తాను. రేపు మిగిలినదాంట్లో సగం. అలా రోజూ మీకు దగ్గరవుతూనే ఉంటానండి."

ఆ లెక్కలో ఆవిడ ఎప్పటికి చేరుతుందో బావకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే కొవ్వూరులో ఇల్లు వెతకడానికి బయల్దేరాడు.