ఉప్పునీళ్లలో పుదీనా

పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను ఇచ్చోడ ప్రాంతానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. ఉపకేంద్రాల నర్సుల పనిని పర్యవేక్షించడం నా బాధ్యత. చేరిన మూడో వారంలోనే ఒక ఊళ్లో మంచినీళ్ల పైపు పగిలి మురుగు కలిసింది. పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి.

ఇంటింటికీ ఓఆర్‌ఎస్ పొట్లాలు పంచాం. లీటరు నీళ్లకు ఒక పొట్లం. ఎక్కువా తక్కువా కూడదు. ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను తిరిగి ఇచ్చేది అదే. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో పొట్లాలు విప్పనైనా లేదు.

లచ్చవ్వ అనే ముసలామె ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు నీరసంగా పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది. ఒంట్లో నీరు బాగా తగ్గిపోయింది, ఆస్పత్రికి పంపాల్సిన కేసు. కానీ వాగు పొంగి అంబులెన్స్ అవతలి ఒడ్డునే ఆగిపోయింది.

ఎందుకు తాగించలేదని గట్టిగానే అడిగాను.

"గా ఉప్పునీళ్లు నోట్ల పోస్తె కక్కుతుంది బిడ్డా. పుదీన ఏసి మసలబెట్టి పోస్త అంటె మీ నర్సమ్మ వద్దన్నది," అంది లచ్చవ్వ. కడుపులో తిప్పినా, ఉబ్బరించినా వాళ్లింట్లో మొదటినుంచీ పుదీనాయేనట.

వద్దనడం మాకు అలవాటు. నాకు మాత్రం 'మసలబెట్టి' అన్న మాట దగ్గర ఆలోచన ఆగింది. నీళ్లు మరిగించండని ఎంత చెప్పినా వినని ఊరు అది. డాక్టరుగారికి ఫోన్ చేశాను. పుదీనా వేయొచ్చు గానీ బాగా మరిగించి, వడగట్టి, చల్లారాకే పొట్లం కలపమన్నారు. వేరే ఉప్పు, చక్కెర వేయొద్దన్నారు.

లచ్చవ్వ పెరట్లోంచి ఆకు తెంపుకొచ్చి నీళ్లలో వేసి మరిగించింది. చల్లారిన నీళ్లను లీటరు సీసాతో కొలిచి కలిపాను. పిల్ల మొదటి రెండు చెంచాలూ కక్కింది. నియమం ప్రకారం పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా చెంచాగా పట్టాం. ఈసారి నిలిచింది. కాసేపటికి గ్లాసు తనే అందుకుంది. మధ్యాహ్నానికి మూత్రం పోసింది. మా పనిలో అంతకంటే మంచి కబురు లేదు.

"తాగుతుంది చూడుండ్రి," అని లచ్చవ్వ వాడంతా వినపడేలా చెప్పింది. ఆమెను వెంటబెట్టుకునే ఇల్లిల్లూ తిరిగాను. ఆమె ఆకు పంచింది, నేను కొలత చూపించాను. వాగు తగ్గేసరికి ఆస్పత్రికి పంపాల్సిన పిల్లలు ఇద్దరే మిగిలారు. వాళ్లూ కోలుకుని తిరిగొచ్చారు. ఆ ఊళ్లో ఒక్క బిడ్డ ప్రాణం కూడా పోలేదు. సమీక్షా సమావేశంలో ఆ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు మామూలు కంటే పెద్దగానే పలికింది.

పుదీనా వికారాన్ని, ఉబ్బరాన్ని కొంత తగ్గిస్తుంది. విరేచనాలకు అది మందు కాదు. ఆ రోజు వాంతి ఆపింది ఆకో, చెంచాతో పట్టిన ఓపికో నేను తేల్చి చెప్పలేను. ఆ తర్వాత మాత్రం నా నర్సులకు ఒక పద్ధతి పెట్టాను: పొట్లం చేతికిచ్చే ముందు, ఇంట్లో ఏం తాగిస్తున్నారో అడగాలి. హాని లేనిదైతే వద్దనకూడదు.