పెళ్ళి క్యాసెట్‌లో బాపు గొంతు

మా పెళ్ళి క్యాసెట్‌లో బాపు నోరు కదులుతుంది కానీ మాట వినబడదు. మాట ఉండాల్సిన చోట సినిమా పాట ఉంటుంది. ఎనభైల చివర్లో వరంగల్‌లో పెళ్ళి వీడియోలన్నీ అట్లాగే ఉండేవి. వీడియో తీసినాయన దుకాణానికి పోయి, అసలు చప్పుడంతా తీసేసి, మొదటి నుంచి చివరి దాకా పాటలు నింపి ఇచ్చేవాడు. జనానికీ అదే ఇష్టం. పెళ్ళిలో వినడానికి ఏముంటుంది? గిన్నెల మోత, అలిగిన మేనత్తల గొణుగుడు. మాకు క్యాసెట్ చేతికొచ్చిన రోజు, పాటలు భలే ఎంచాడని అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది బాపే.

ఆ తర్వాత రెండేళ్ళకు బాపు గొంతులో పుండు లేచింది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ చేసి, పుండుతో పాటు గొంతు కూడా తీసేశారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు అనుకున్నాం. కానీ ఆయన మార్కెట్‌లో మిర్చి వేలం పలికే మనిషి. బస్తాల వరుసకు ఈ చివర నిలబడి ధర పలికితే ఆ చివర ఎద్దులు తలెత్తి చూసేవని అమ్మ ఎగతాళి చేసేది. అట్లాంటి మనిషి మెడకు రుమాలు కట్టుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని వాకిట్లో కూచునేవాడు. చెప్పాల్సింది ఏదైనా ఆ పలక మీదే రాసేవాడు.

నేను పుట్టింటికి వచ్చినప్పుడు ఒకరోజు వీసీఆర్ అద్దెకు తెచ్చి నా కూతురికి పెళ్ళి చూపిద్దామనుకున్నాం. దానికి ఇంకా అది చూసే వయసు లేదు, అసలు చూడాలనుకున్నది మేమే. తెర మీద బాపు వచ్చాడు. నోరంతా తెరిచి ఎవరినో కేకేస్తున్నాడు. వినబడేది మాత్రం పాట. పక్కనే కూచున్న బాపు పలక మీద ఏదో రాసి నా ముందు పెట్టాడు.

"నా గొంతు ఎట్లుండేదో నాకే యాదికి వత్తలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద కోపమో ఇప్పటికీ చెప్పలేను. చెప్పులేసుకుని నేరుగా హనుమకొండకు, మా పెళ్ళి తీసిన వీడియో దుకాణానికి పోయాను.

దుకాణం నడిపే అన్న ముస్లిం. మా అమ్మ పుట్టిల్లూ ఆయన ఊరూ ఒకటే, స్టేషన్ ఘన్‌పూర్. అందుకే నన్ను చెల్లె అనేవాడు. పాటలు లేని అసలు క్యాసెట్ కావాలని అడిగితే తల పట్టుకున్నాడు. కెమెరాలో తీసిన క్యాసెట్‌ను ఎవరూ దాచరట. పాటల కాపీ ఇచ్చేశాక దాని మీదే తర్వాతి పెళ్ళి తీస్తారట. నా పెళ్ళి మీద ఎవరెవరి పెళ్ళిళ్ళయ్యాయో అని లోపల తిట్టుకున్నాను. అయినా ఆయన నన్ను ఉత్త చేతులతో పంపలేదు. అటకెక్కి, పనికిరావని పక్కన పడేసిన క్యాసెట్ల మూట దించాడు. ఒక్కొక్కటే తుడిచి చూస్తుంటే, అందులో మాది దొరికింది. వానాకాలంలో గోడ కారి దానికి బూజు పట్టింది. బూజు పట్టినదాన్ని పెడితే మిషన్ పాడవుతుందని మళ్ళీ వాడలేదు. మంచిగా ఉన్నవన్నీ చెరిగిపోయాయి, చెడిపోయిన మా క్యాసెట్ మిగిలింది. ఆ బూజుకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

"ఇది నడుత్తదో లేదో జెప్పలేను చెల్లె. ఒక్కసారి నడిత్తె సాలు, ఇంకో క్యాసెట్‌ల దించుకుందాం" అన్నాడు. గిరాకీ మధ్య కుదరదని, ఆదివారం మా ఇంటికే వస్తానన్నాడు.

నేను క్యాసెట్ ఇంటికి తెచ్చి బూజు సంగతి చెప్పాను. చెప్పకపోతే బాగుండేది. మా అమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే. పప్పుకు పట్టినా, పచ్చడికి పట్టినా, పట్టుచీరకు పట్టినా బూజుకు మందు ఎండే. ఎవరికీ చెప్పకుండా డాబా మీద మిరపకాయల పక్కన క్యాసెట్ ఆరబెట్టింది. ఆదివారం అన్న వచ్చి అడిగే దాకా అది అక్కడే ఉంది. తెచ్చి చేతిలో పెడితే పెనం మీది రొట్టెలా కాలుతోంది. అన్న దాన్ని నీడలో చల్లారబెట్టాడు. మరలు విప్పి చూస్తే టేపు మొదట్లో కొంత వంకర్లు పోయింది. ఆ ముక్క కత్తిరించి మిగతాది అతికించాడు. పోయింది మా ఆయన ఊరేగింపు. పెళ్ళికొడుకు లేని పెళ్ళి మీది అని ఆయన ఇప్పటికీ మా పుట్టింటి వాళ్ళను దెప్పుతాడు.

ఇక అసలు పని మొదలైంది. అమ్మ చేసిన తప్పుకు పరిహారంగా బాపు పాత ధోవతి చింపి మెత్తటి పేలికలు ఇచ్చింది. టేపును పేలిక మధ్య నుంచి మెల్లగా లాగుతూ చేత్తోనే చుట్టాం. తెల్లటి పొడి రాలుతూనే ఉంది. అన్న లాగుతుంటే నేను పేలికలు మార్చాను. నాకు ఓపిక తక్కువ. గట్టిగా లాగొచ్చు కదా అని మధ్యమధ్య సణిగాను, ఆయన నవ్వి అంతే మెల్లగా లాగాడు.

అన్న తెచ్చిన వీసీఆర్‌లో మా క్యాసెట్, పక్కింటివాళ్ళు అడగ్గానే ఇచ్చిన వీసీఆర్‌లో కొత్త క్యాసెట్ పెట్టి, రెంటినీ వైర్లతో కలిపాడు. మొదటిసారి తెర నిండా చీమలే. ఆపి, మిషన్ లోపల స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఈసారి మనుషులు నడుము దగ్గర రెండు ముక్కలై కనిపించారు. బిరడా తిప్పుతూ తిప్పుతూ ఉంటే ముక్కలు అతుక్కున్నాయి. బొమ్మ నిలిచింది కానీ చప్పుడుగా వచ్చింది తేనెటీగల రొద. వైర్లు మార్చాడు, ప్లగ్గు తిప్పి పెట్టాడు. రొద తగ్గలేదు. బాపు కుర్చీ అంచున కూచుని తెర వైపే చూస్తున్నాడు. ఆయన ముఖం చూడలేక నేను వైర్లు చూస్తూ కూచున్నాను.

అప్పుడు అమ్మ లేచి, ఈ గాలి చప్పుడులో ఏమీ వినబడటం లేదని విసుక్కుంటూ ఫ్యాన్ ఆపింది. రొద పోయింది. అన్న అమ్మ వైపు, ఫ్యాన్ వైపు మార్చి మార్చి చూశాడు. ఎందుకు పోయిందో ఆయనకూ తెలియదు, మాకూ అక్కర్లేదు. రెండో వీసీఆర్‌లో రికార్డు మీట నొక్కాడు. ఎండాకాలం, ఉక్కపోత, చెమటలు కారుతున్నాయి. ఫ్యాన్ మాట ఎవరూ ఎత్తలేదు.

మేళం, పిల్లల ఏడుపు, గిన్నెలు. వాటన్నిటి మీది నుంచి ఒక్కసారిగా ఆ గొంతు.

"ఆ మూలకు కూసున్నోళ్ళకు పప్పు రాలె, జర చూడుండ్రి."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు చెయ్యి రుమాలు మీదికి పోయి అక్కడే ఆగింది. నవ్వుతున్నాడు, భుజాలు కదులుతున్నాయి, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అన్నకు ఆ రోజు నేను ఏమని కృతజ్ఞత చెప్పానో గుర్తులేదు. ఎంత చెప్పినా తక్కువే.

తర్వాత తెర మీద నేను పూలదండతో తల వంచుకుని కూచున్నాను. బాపు వచ్చి నా చెవి దగ్గరికి వంగాడు. ఈ ముక్కను పాటల క్యాసెట్‌లో చాలాసార్లు చూశాను. అత్తగారింట్లో ఎట్లా మెలగాలో బుద్ధి చెబుతున్నాడనుకునేదాన్ని. పెళ్ళి రోజు మేళం గోలలో నాకేమీ వినబడలేదు. ఇప్పుడు వినబడింది.

"బిడ్డా, తిన్నవా?"

తెర మీది నేను తల ఎత్తలేదు. నేను కుర్చీలో ఉన్న బాపు వైపు తిరిగాను.

"తిన్న బాపూ" అన్నాను.

అప్పుడే అడిగినట్టు, ఆయన తల ఊపాడు.