మామ గిటార్‌కు వార్నిష్

ఆ గిటార్ మా మామది. పెళ్లిళ్లలో పాటలు వాయించే మా బృందానికి ఆయనే పెద్ద. ఇంకొకరు దాని తీగ ముట్టుకుంటే ఇంతెత్తున లేస్తాడు. అట్లాంటి మనిషి గిటార్‌ను అడగకుండా విప్పాను. నాకెందుకొచ్చిన పెత్తనం!

సౌండు పెంచితే చాలు, అది కీచుమనేది. తీగల కింద సౌండును పట్టే పికప్‌లో, అయస్కాంతం చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్లు వదులైతే కీచు వస్తుందనీ, కరిగిన మైనంలో ముంచితే పోతుందనీ ఫోనులో చూశాను. మామ ముందురోజే పులివెందుల పెళ్లికి పోయాడు. ప్రొద్దుటూరు నుంచి గిటార్ తెచ్చే పని నాది. దారిలో జమ్మలమడుగులో దిగి, బోరు మోటార్లకు వైండింగ్ చేసే భాయ్ చేతిలో పికప్ పెట్టి, మైనం సంగతి చెప్పి, టీకి పోయాను.

తిరిగొచ్చేసరికి ఘాటైన వాసన.

“ఏంది భాయ్ ఇది?”

“వార్నిష్ పట్టించినాలేప్పా. పెట్టెలో ఆరతాంది.”

“నేను మైనం కదా చెప్పింది!”

“మైనం మన ఎండలకు నిలుస్తాదా? ఇరవై ఏండ్ల నుంచి కాయిల్ అంటే ఇట్లే చేస్తాండా. బోరు నీళ్లల్లో మునిగే మోటారుకే ఏమీ కాలేదు, ఇదెంత?”

వేడి కోసం బల్బులు బిగించిన రేకు పెట్టె తెరిచాడు. పికప్ ప్లాస్టిక్ అప్పడంలా వంకర తిరిగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మీటర్ పెడితే రీడింగు, పికప్ ఇచ్చినప్పుడు భాయ్ చూసిన దాంట్లో సగం కూడా లేదు. “తప్పయిపాయప్పా,” అన్నాడు భాయ్. ఆయనను ఏమని తిట్టేది? దొంగచాటుగా విప్పింది నేనే కదా.

పికప్ ఎట్లాగో బిగించుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సెక్కాను. గిటార్ బస్సులో మరిచిపోయానని చెబుదామా అని కూడా అనుకున్నాను. ఛీ!

మండపంలో మామ గిటార్ తగిలించి వాయించాడు. కీచు పోయింది. దానితోపాటు పై స్వరాల మెరుపంతా పోయింది. దుప్పటి కప్పి కొట్టినట్టు మొద్దుగా మోగింది. మా బృందంలో కీబోర్డు వాయించే అన్న తల తిప్పి నన్నే చూశాడు. ఇక అయిపోయానని కళ్లు మూసుకున్నాను.

“బాగుందిరా,” అన్నాడు మామ.

వెటకారం అనుకున్నాను. ముఖం చూస్తే కాదు. భయం పట్టలేక నేనే అడిగాను. “మామా, సరిగ్గా ఇను. మొద్దుగా లేదా?”

“యాడ మొద్దు? ఎప్పుడూ ఉండేట్లే ఉంది కదా.”

ఎప్పుడూ ఉండేట్లే! ఎన్నాళ్ల నుంచి ఆయనకు ఇట్లా వినిపిస్తోందో!

నా ముఖంలో ఏం కనిపించిందో, మామ కీబోర్డు అన్న వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “సన్న తీగల శృతి నువ్వు చూడప్పా. నాకు సరిగ్గా ఇనపడడం లేదు. వాళ్లకు చెప్పొద్దు.” గిటార్ తీసి నా ఒళ్లో పెట్టాడు.

“వద్దు మామా, నాకు శానా భయమైతాంది.”

“నాకూ అంతేరా,” అన్నాడు మామ.