అరువు తెచ్చిన కుర్చీలు

మా మేడమీద అద్దెకుండే అమ్మాయి పోయిన వారం కిందికొచ్చి, ఒక్క నిమిషం పైకి రమ్మని బతిమాలింది. డిగ్రీ అయిపోయి పైచదువుకు యూనివర్సిటీలో సీటొచ్చిందట, ఏదో సంస్థవాళ్లిచ్చే ఆర్థిక సాయానికి ఫోనులోనే దరఖాస్తు పెడుతోందట. అందులో ఇంటి ఫోటోలు కూడా పంపాలి, ఫోటోల్లో తనూ కనబడాలి, కాబట్టి తీయడానికి ఇంకో మనిషి కావాలి. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వెళ్లేసరికి వాళ్లమ్మ వంటింట్లో ఫ్రిజ్ మీద పాత దుప్పటి కప్పుతోంది. టీవీని అప్పటికే మంచం కిందికి తోసేశారు. ఆ ఫ్రిజ్ కంతులు ఇంకా తీరలేదని తెలుసు, ఆ ఇంటాయనకు ఆటో మీద వచ్చేది ఏపాటిదో కూడా నాకు తెలుసు కనుక తప్పు పట్టను. అయినా నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నారు మేడమ్ అని ఆ అమ్మాయి అడిగితే, ఏమీ లేదమ్మా అని ఫోటోలు తీసిచ్చి కిందికొచ్చేశాను. వచ్చి కూర్చున్నాక నవ్వు పోయి అమ్మా నాయనా గుర్తొచ్చారు. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను, నా ఈడువాళ్లెవరైనా చదివితే చాలు.

మాది కురుగోడు పక్కన ఒక పల్లె. ఊరి చుట్టూ కాలువ నీళ్లు పారే పొలాలే అయినా అందులో మాకు సెంటు నేల కూడా లేదు. అమ్మ ఆ పొలాల్లో కూలికి పోయేది. నాయన సండూరు వైపు, తారానగర్ దాటాక ఉన్న గనుల్లో రాయి కొట్టి లారీలకెత్తే పని చేసేవాడు. అక్కడే ఒక గుడిసెలో పడుకుని, వారానికోసారి ఒళ్లంతా ఎర్రదుమ్ముతో ఇంటికొచ్చేవాడు. ఆయన చొక్కాలను అమ్మ మా బట్టలతో కలిపి ఎప్పుడూ ఉతికేది కాదు, కలిపితే అన్నీ ఎర్రబడిపోయేవి. నేను వాళ్లకు ఒక్కదాన్నే బిడ్డను. బళ్లారి కాలేజీలో డిగ్రీ చదివిన రోజులన్నీ పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఊళ్లో నాతో ఆడుకున్న పిల్లలందరూ పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. కాలేజీలో పిల్లలేమో నా కన్నడంలో తెలుగు యాస విని ముసిముసిగా నవ్వుకునేవారు. అలా అటూ ఇటూ కాకుండా, కిటికీ పక్క సీటులో కూర్చుని పుస్తకంతోనే మాట్లాడుకుంటూ పెరిగాను.

ధార్వాడలో ఎమ్మెస్సీకి సీటు వచ్చినప్పుడు సంతోషపడటానికి కూడా భయమేసింది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ కలిపితే మా ఇంట్లో ముగ్గురం ఏడాదంతా పస్తులున్నా సరిపోదు. అప్పుడు మా లెక్చరరొకాయన ఒక దారి చూపించారు. బళ్లారిలో మిల్లులున్న ఒక కుటుంబం పేద పిల్లల చదువు కోసం ధర్మనిధి పెట్టిందనీ, వాళ్లు ఒప్పుకుంటే చదువు ముగిసేదాకా మొత్తం ఖర్చు భరిస్తారనీ చెప్పారు. దరఖాస్తు ఇచ్చాను. వాళ్ల పద్ధతి ఒక్కటే. కాగితాలను నమ్మరు. వాళ్ల గుమాస్తా స్వయంగా ఇంటికొచ్చి చూస్తాడు, ఆయన అవునంటే అవును, కాదంటే కాదు. ఆ సాయం రాకపోతే నేను కూడా కొడవలి పట్టుకుని అమ్మ వెనకాల పొలానికి పోవలసిందే, ఇంకో దారి లేదు.

గుమాస్తాగారికి దారి తెలియదు కాబట్టి ఆయన్ను వెంటబెట్టుకొచ్చే పని నాకే పడింది. ఉదయాన్నే బళ్లారి వెళ్లాను. తెల్లటి పంచె, నల్ల టోపీ, చంకలో గొడుగు, బాగా వయసు మీరిన పెద్దాయన. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, ముందు సీటులో కూర్చుని వెనక్కి తిరిగి నా మార్కుల గురించి అడిగారు. చెడ్డ మనిషి కాదు. ఊరి దగ్గర దిగి వీధిలోకి తిరిగినప్పుడు ఏదో తేడాగా అనిపించింది. మా వీధి ఊడ్చి, కళ్లాపి చల్లి ఉంది. మా గుమ్మం ముందు పెళ్లివారింటి ముందున్నంత ముగ్గు ఉంది. లోపల అడుగు పెట్టి నేను నిలబడిపోయాను.

అది మా ఇల్లు కాదు. పొలాల యజమాని ఇంటి నుంచి తెచ్చిన చేతుల కుర్చీలు గోడవారగా వేసి ఉన్నాయి. వాటి మధ్య బల్ల, దాని మీద పూలు కుట్టిన గుడ్డ, దాని మీద టేబుల్ ఫ్యాను. ఎవరిదో గోడ గడియారం, ఎవరివో తళతళలాడే ఇత్తడి చెంబులు. అమ్మ పక్కింటి పెద్దమ్మ అంచుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని నిలబడి ఉంది. ఇల్లు చూడటానికి పెద్దమనుషులు రావడమంటే అమ్మకు తెలిసింది ఒక్క పెళ్లి సంబంధమే. అలా వచ్చినవాళ్ల ముందు ఉన్నది లేదని, లేనిది ఉందని చెప్పుకోవాలి గానీ, చిరిగిన చాప పరిచి మా బతుకు ఇంతేనని చూపించుకునే ఆడది మా వైపు ఆ రోజుల్లో ఎక్కడా ఉండేది కాదు. కూతురి పరువు నిలబెట్టాలని అమ్మ, తమ వీధి పిల్ల పరువు నిలబెట్టాలని వీధంతా, తలా ఒక వస్తువు మోసుకొచ్చి మా ఇంట్లో పెట్టారు.

గుమాస్తాగారు కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటూ ఫ్యాను వైపు చూశారు. మా ఇంటికి కరెంటు లేదు, రాలేదు, స్తంభం కూడా రెండు వీధుల అవతలే ఆగిపోయింది. అమ్మ ఏమాత్రం తడుముకోలేదు.

"ఇప్పుడే పాయప్పా కరెంటు. ఈ ఊర్లో ఎప్పుడూ ఇదే గోలే."

తర్వాత పూర్ణం పెట్టి కాల్చిన ఓళిగలు వచ్చాయి, నెయ్యితో సహా. అప్పుడే తీసిన పాలు వచ్చాయి. చాలు చాలంటున్నా వినకుండా అమ్మ ఇంకో ఓళిగ వేసింది. గుమాస్తాగారు తృప్తిగా తిన్నారు, మెచ్చుకున్నారు, ఇల్లంతా ఒకసారి కలయజూసి వెళ్లిపోయారు. ఆయన తింటున్నంతసేపూ నేను తలుపుకు ఆనుకుని నిలబడి, నా చదువు ఒక్కో ముక్కా ఆ విస్తరిలో తరిగిపోవడం చూశాను. నోరు విప్పి చెబుదామంటే ఎదురుగా అమ్మ ముఖం వెలిగిపోతోంది. అమ్మ అంత అందంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ వారం నాయన వచ్చిన రోజు, అమ్మ పొలంలో ఉండగానే, సాయం ఏమైందో కనుక్కోవడానికి మేమిద్దరం బళ్లారికి పోయాం. నాయనకు ఈ సంగతులేమీ తెలియవు, నేనూ చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియక. గుమాస్తాగారు మర్యాదగానే మాట్లాడారు. మీ ఇల్లు చూశాను, మీకంటే లేనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు కదా ముందివ్వాలి అన్నారు. కుర్చీలూ ఫ్యానూ నేతి ఓళిగలూ అని ఆయన చెబుతుంటే నాయన మెల్లగా నా వైపు తిరిగాడు. నా ముఖం చూశాడు. అంతా అర్థమైపోయింది. నేను ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు. మా నాయన మాటల మనిషి కాదు, గనుల్లో ఆ చప్పుడులో పని చేసి చేసి ఇంట్లో కూడా సైగలతోనే సరిపెట్టేవాడు. అలాంటివాడు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని మాట్లాడాడు.

"ఆ కుర్చీలు మావి కాదప్పా. ఫ్యానూ మాది కాదు. మా ఇంట్లో కరెంటే లేదు."

"అందరూ ఇట్లే చెప్తారప్పా. నా కండ్లతో నేను చూసినా గదా."

"ఇంకోతూరి రాండి సామీ. మా ఇంట్లామె పనికి పోయినప్పుడు రాండి. ఆమెకు తెల్దు, తెలీనూకూడదు."

గుమాస్తాగారు ఆయన చేతిలోని తలగుడ్డ వైపు చూసి, సరే అన్నారు.

అది కాలువకు నీళ్లొదిలిన నాట్ల కాలం. ఊళ్లో నడవగలిగిన ప్రతి మనిషీ పొలంలో ఉన్నాడు, వీధిలో మంచాల మీద ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు. అమ్మ చద్దిమూట పట్టుకుని వెళ్లాక, నాయన గని పని మానుకుని బస్సు దిగి వచ్చాడు. వెనక బస్సులో గుమాస్తాగారు వచ్చారు. ఈసారి ముగ్గు లేదు, కుర్చీ లేదు. ఆయన అరుగు మీదే కూర్చుంటానన్నా నాయన వినలేదు, లోపలికి రండని పిలిచి, ఇల్లు చూపించడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత బతుకులో నేను చాలా చూశాను గానీ అంత కష్టమైనది చూడలేదు. నాయన గోడ బీటలు చూపించాడు. వాన కారే చోట ఆకాశం కనబడుతోంటే వేలెత్తి చూపించాడు. మేం పడుకునే బొంత విప్పి పరిచాడు. దండెం మీద అమ్మ రెండో చీర చూపించి, ఇంతే అన్నాడు. జొన్నల కుండ మూత తీసి, ఆయనకు అడుగు కనబడేలా వంచి పట్టుకున్నాడు. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు, లారీ లోడు లెక్క అప్పజెప్పినట్టు ఒక్కొక్కటే చూపించుకుంటూ పోయాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, అమ్మ గానీ తిరిగొస్తుందేమోనని కాపలా. అమ్మ ఎంత శ్రమపడి కప్పిందో అదంతా నాయన ఒక్కొక్కటే విప్పుతున్నాడు, రెండూ నా కోసమే. ఇంకో కుండ మూత మీద చెయ్యి పెట్టేసరికి గుమాస్తాగారు గొడుగు నేలకు ఆనించి ఒక అడుగు ముందుకేశారు.

"సాకప్పా, చాలు. ఇంక మూత మూయప్పా."

ఆయన వెళ్లిపోయారు. నాయన నీళ్లు తాగి, తలగుడ్డ చుట్టుకుని, అమ్మ రాకముందే తిరుగు బస్సుకు వెళ్లిపోయాడు. సొంత ఇంటికి వచ్చి, పెళ్లాం ముఖం చూడకుండా దొంగలా పోయాడు మా నాయన. సాయంత్రం అమ్మ మోకాళ్లదాకా బురదతో వచ్చి, నేను పెట్టిన సంగటి తింటూ అడిగింది.

"ఆయప్ప ఇంకా ఏమీ రాయలేదా పాపా?"

లేదన్నట్టు తలూపాను.

"రాస్తాడు లే. నా చేతి ఓళిగ తిన్నోడు ఇయ్యకుండా పోతాడా?"

సాయం మంజూరైందని జాబు వచ్చిన రోజు అమ్మ వీధంతా తిరిగింది. కుర్చీలిచ్చిన ఇంటికి పోయి దణ్ణం పెట్టింది, ఫ్యాను ఇచ్చినవాళ్లకు బెల్లం ముక్క పంచింది. ఆ రోజు మొదలు చనిపోయేదాకా ఆ కథ చెబుతూనే ఉంది. చుట్టం వచ్చినా, పరాయివాళ్లు వచ్చినా, ఆఖరికి నా ఉద్యోగం సంగతి అడిగిన బస్సు కండక్టరుకైనా, తన ఓళిగలే నన్ను ధార్వాడకు పంపాయని చెప్పేది. కథ నడుస్తున్నంతసేపూ నాయన దూలం వైపు చూస్తూ ఉండేవాడు. ఓళిగ దగ్గరికి రాగానే కళ్లు కిందికి దించి నా వైపు ఒక్కసారి చూసేవాడు. మీసంలో చిన్న నవ్వు. అంతే. మేమిద్దరం దాని గురించి జన్మలో ఒక్క మాట అనుకోలేదు.

ధార్వాడలో నేను ఒంటరిదాన్నే. ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని, తెరపి లేని ఆ వానలో పుస్తకాలకు బూజు పట్టడం చూసి బెంబేలెత్తిపోయాను. గదిలో మిగతా అమ్మాయిలకు వారం వారం ఇంటినుంచి ఎవరో ఒకరు వచ్చేవారు. నా దగ్గరికి రావాలంటే ఒకరు ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి, కాబట్టి ఎవరూ రాలేదు, నేనూ రమ్మనలేదు. నాయనకొక్కడికే ఒక ఉత్తరం రాయాలని చాలాసార్లు కాగితం తీసుకున్నాను. ఆ రోజు నువ్వు కుండ వంచి పట్టుకున్నప్పుడు నాకేమనిపించిందో చెప్పాలని. కానీ మా ఇంట్లో ఇద్దరికీ చదువు రాదు. ఉత్తరం వస్తే పెద్దమ్మ కొడుకు అరుగు మీద కూర్చుని గట్టిగా చదవాలి, అమ్మ వినాలి. అందుకే ప్రతి ఉత్తరంలోనూ నేను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను అని రాసి ఊరుకున్నాను. చదువైంది, బళ్లారిలోనే కాలేజీ ఉద్యోగం వచ్చింది. పెళ్లి జోలికి పోలేదు. దానికి పెద్ద కారణమేమీ లేదు, ఒంటరిగా ఉండటం అలవాటైపోయింది, అంతే.

నాయన ముందు పోయాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, దగ్గి దగ్గి పోయాడు. దినాల రోజు చుట్టాలంతా కూర్చుని ఉంటే, ఎవరో నా చదువు మాట ఎత్తారు. అంతే, అమ్మ కన్నీళ్లు తుడుచుకుని కథ మొదలుపెట్టింది. కుర్చీలు వచ్చాయి, ఫ్యాను వచ్చింది, ఇప్పుడే పోయిన కరెంటు వచ్చింది. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. ఓళిగ దగ్గరికి రాగానే నేను అలవాటుగా తలెత్తి, ఆయన ఎప్పుడూ కూర్చునే గోడవైపు చూశాను. అక్కడ ఎవరో దూరపు చుట్టం కూర్చుని వక్క నములుతున్నాడు. నాయన పోయాడన్న సంగతి నాకు నిజంగా తెలిసింది ఆ క్షణంలోనే.

కొన్నేళ్లకు అమ్మా పోయింది. ఆమెకు చివరిదాకా తెలియదు, తెలియనివ్వలేదు. ఇప్పుడు దరఖాస్తు చూసేది ఏ ఊళ్లో ఉన్న ఏ మనిషో, అసలు మనిషో యంత్రమో కూడా తెలియదు. అది వచ్చి ఎవరింట్లోనూ చెమట తుడుచుకోదు. ఒక రకంగా మంచిదే, ఏ తండ్రీ కుండలు వంచి చూపించక్కర్లేదు. కానీ ఇల్లు చూడటానికి ఎవరూ రానప్పుడు కుర్చీలు మోసుకొచ్చేవాళ్లూ ఉండరు, వీధీ కదలదు. ఈ కథను అమ్మ చెప్పినట్టు నవ్వుతూ నేనూ చాలామందికి చెప్పాను. అందరూ ఓళిగల దగ్గర పగలబడి నవ్వుతారు. వాళ్లు నవ్వుతుంటే నేను ఎటు చూడాలో తెలియక, చేతులు చూసుకుంటూ కూర్చుంటాను.