టీచర్ అడిగిన నాలుగో ప్రశ్న

మా టైపు టీచర్ నన్ను అడిగిన ఒక ప్రశ్నకు నేను సగం జవాబే చెప్పాను. చెప్పిన సగం నిజమే కాబట్టి అబద్ధమాడలేదని ఎనిమిదేళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మిగతా సగం కూడా చెప్పి ఉంటే ఆమె వేరే కోర్సులో చేరేవారు. నేను సొంత తెలివితో పైకొచ్చానని మావాళ్ళు ఇప్పటికీ నలుగురిలో చెబుతుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల్లో ఇంటర్ చదువుతూ, శామీర్‌పేట అవతల ఉన్న మా ఊరి నుంచి బస్సులో మేడ్చల్ వచ్చి ఆమె దగ్గర టైపు నేర్చుకున్నాను. చర్చికి పోయే సందులో రెండు గదులు, పధ్నాలుగు మిషన్లు. ఒక్కొక్కరికి ఒక మిషన్, ఒక గంట. ఆ గంటలో దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు. తప్పు కొడితే దిద్దుకోనిచ్చేవారూ కాదు. కాగితం లాగేసి, "అతుకులొద్దు బిడ్డా. మొదటికెల్లి కొట్టు" అనేవారు. లోయర్ పరీక్ష పాసయ్యేలోగా నేను ఎన్ని కాగితాలు పారేశానో నాకే తెలియదు.

తర్వాత మేడ్చల్‌లోకి కంప్యూటర్లు వచ్చాయి. మిషన్ల మీద ఒక్కొక్కటిగా గుడ్డలు కప్పుకుంటూ వచ్చారు టీచర్. చివరికి ఇద్దరే పిల్లలు మిగిలారు. అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళు. గదులు మూసేసి ఇంట్లో కూర్చునే మనిషి కాదు.

నేను అప్పుడే మేడ్చల్ బస్టాండ్ పక్కన మేడ మీది ఇన్‌స్టిట్యూట్‌లో నెట్‌వర్కింగ్ కోర్సు పూర్తి చేశాను. పరీక్ష పాసైన వాళ్ళ ఫోటోలతో కింద ఫ్లెక్సీ కట్టారు. అందులో పై వరసలో నేను. మా నాయిన ఎరువుల కోసం మేడ్చల్ వచ్చినప్పుడల్లా దాని కింద నిలబడి, పక్కన ఎవరుంటే వాళ్ళకు, "గా పై వరుసలున్నోడు మా పోరడే" అని చూపించేవాడు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక రౌటర్ ఉండేది. ఒక ఆఫీసులోని కంప్యూటర్లను ఇంకో చోటి కంప్యూటర్లతో కలిపే పెట్టె అది. మేం నేర్చుకోవాల్సిన విద్యంతా దాని చుట్టూనే. దాన్ని గుమ్మం ఎదురుగా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. లోపల పచ్చ లైటు మిణుకుమిణుకుమంటుంటే చేరడానికి వచ్చినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నేను చదివిన ఆరు నెలల్లో ఆ తాళం ఒక్కసారే తీశారు, దసరా పూజ రోజు. దానికి పసుపు కుంకుమ పెట్టి, పూలు చుట్టి, మళ్ళీ తాళం వేశారు. మాకు మాత్రం జిరాక్స్ ప్రశ్నలు, జవాబుల కట్ట ఇచ్చారు. అది బట్టీ పట్టి నేను పాసయ్యాను.

సికింద్రాబాద్‌లో ఇంకో చోటు ఉందని నాకు తెలుసు. చేరేముందు ఒకరోజు అక్కడి డెమో క్లాసుకు వెళ్ళొచ్చాను కూడా. ఇరుకు గది. అక్కడి సారు నా పేరైనా అడగకుండా చేతికి కేబుల్ ఇచ్చి, రౌటర్ ముందు కూర్చోబెట్టారు. ఆరుగురికి మించి తీసుకోరు. పాస్ గ్యారంటీ ఏమీ లేదన్నారు. రెండు బస్సులు మారాలి. నేను మేడ్చలే చాలనుకున్నాను.

ఒక మధ్యాహ్నం టీచర్ కబురు పెట్టారు. వెళ్ళేసరికి బల్ల మీద ఆ రెండు చోట్ల కరపత్రాలూ ఉన్నాయి. పక్కన ఆమె తన మిషన్ మీద టైపు చేసుకున్న నాలుగు ప్రశ్నలు, ఒక్కోదాని కింద జవాబుకు ఖాళీ.

"ఫ్లెక్సీల మంచిగ పడ్డవ్" అన్నారు టీ ఇస్తూ. "లోయర్ హాల్‌టికెట్ మీదనైతే పోలీసోళ్ళు పట్టుకపోతున్నట్టు ఉంటివి."

నవ్వాను.

"గీ కంప్యూటర్లు నా మిషన్లను మూలకు కూసోబెట్టినయ్. ఇగ వాటిని కలిపే పనన్న నేర్చుకుంట. ఏడ చేరాల్నో నువ్వే చెప్పు. ఇంకో కోర్సు చేసే ఓపిక నాకు లేదు, ఇదొక్కటే."

ముందు మేడ్చల్ కోర్సు గురించి, చెప్పేదెవరు, ఎన్ని నెలలు, పరీక్ష ఎక్కడ అని మూడు ప్రశ్నలూ అడిగి రాసుకున్నారు. నాలుగోది వచ్చింది.

"అసలు రౌటర్ ఉందా? ఒక్కొక్కరికి ఎంతసేపు ఇస్తరు?"

"ఉంది టీచర్. అద్దాల బీరువాల పెట్టిన్రు. మస్తు జాగ్రత్తగ చూసుకుంటరు."

'ఉంది' అని రాశారు. రెండో సగం కోసం పెన్ను కాగితం మీద కాసేపు ఆగింది. నేను టీ తాగుతూ ఉండిపోయాను. తాళం సంగతి చెబితే, 'మరి నువ్వెట్ల నేర్చుకున్నవ్?' అని ఆమె అడుగుతారు. నేనేమీ నేర్చుకోలేదని నాకు టైపు నేర్పిన మనిషి ముందు ఒప్పుకోవాలి. ఫ్లెక్సీ కింద నిలబడే నాయిన గుర్తొచ్చాడు.

"సరే తియ్. నువ్వు నేర్చుకున్న కాడ నేను నేర్చుకోనా" అంటూ టీచర్ సికింద్రాబాద్ కరపత్రాన్ని మడిచి సొరుగులో వేశారు.

ఆ తర్వాత జరిగింది ఆమెతో మేడ్చల్‌లో చేరిన బ్యాచ్ కుర్రాళ్ళు చెబితే విన్నాను. మొదటి వారంలోనే ఆమె బీరువా తెరవమన్నారట. "తెరిస్తే దుమ్ము వడ్తది మేడం. పరీక్షల దాన్ని ముట్టమని అడగరు" అన్నాడట ఓనరు. "దసరా దాకా ఆగుండ్రి టీచర్, దర్శనమైతది" అని వెనక బెంచీ నవ్విందట. కట్ట బట్టీ పట్టనని చాలా రోజులు మొండికేసి, చివరికి పట్టి, పాసయ్యారు.

దూలపల్లిలో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. టేబుల్ మీద రౌటర్, కేబుల్ పెట్టి కలపమన్నారు. ఏది ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. ఇంకో చోటా అంతే అయింది. మూడోసారి వెళ్ళలేదు. గాజులరామారంలో ఒక బడి ఆఫీసులో గుమాస్తాగా చేరారు.

నా ఇంటర్వ్యూలో అన్నీ నోటి ప్రశ్నలే అడిగారు. అదృష్టం, ఇంకేం కాదు. ఉద్యోగంలో చేరాకే మొదటిసారి రౌటర్ ముట్టుకున్నాను. పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేస్తూ, ఎవరినీ అడగకుండా నేర్చుకున్నాను. అడిగితే బయటపడతానని భయం.

అప్పటి నుంచి నా రోజులన్నీ కిటికీల్లేని చల్లటి సర్వర్ రూముల్లోనే గడిచాయి. ఏదైనా చెడిపోతే తప్ప అక్కడికి ఎవరూ రారు. మొదట్లో అది నాకు హాయిగానే ఉండేది. యాప్రాల్‌లో ఇల్లు తీసుకున్నాను. ఊరికి శామీర్‌పేట రోడ్డు మీదుగానే వెళ్ళేవాణ్ణి. దగ్గరి దారని ఇంట్లో చెప్పేవాణ్ణి, కానీ మేడ్చల్ బస్టాండ్ తగలకపోవడమే నాకు కావలసింది. పాత బ్యాచ్ వాళ్ళ ఫోన్లు ఎత్తడం మానేశాను. ఎక్కడ నేర్చుకున్నావని కొత్తవాళ్ళు అడుగుతారని క్యాంటీన్‌లో విడిగా కూర్చునేవాణ్ణి. పెళ్ళయింది, పాప పుట్టింది. అయినా ఈ మాట చెప్పుకునే మనిషి ఇంట్లోనూ లేకుండా పోయింది, నేనే లేకుండా చేసుకున్నాను.

ఎనిమిదేళ్ళకు, మేడ్చల్లో బంధువుల పెళ్ళికి తప్పనిసరై వెళ్ళాను. భోజనాల దగ్గర వెనక వరస నుంచి టీచర్ గొంతు వినిపించింది. నెట్‌వర్కింగ్‌లో చేరనా అని డిగ్రీ చదివే పిల్ల ఒకతి అడుగుతోంది.

"నన్నడుగకు బిడ్డా. నేను పోయి ఆర్నెల్లు కూసున్న, నా బుర్రకెక్కలే. మొద్దు బుర్ర. మా స్టూడెంట్ ఒకడు గాడనే నేర్చుకొని ఎంత పైకి పోయిండో. అంటే తప్పు నాదే గద."

నేను వెనక్కి తిరగలేకపోయాను. విస్తరి అలాగే వదిలేసి లేచాను.

మర్నాడు ఆదివారం. చర్చి వదిలే వేళకు టీచర్ వాళ్ళ ఇంటి ముందు నిలబడ్డాను. తెల్లచీరలో నెమ్మదిగా నడిచొచ్చి, నన్ను చూసి, "ఓ, ఫ్లెక్సీ పిలగాడా, గిప్పుడు తొవ్వ దొరికిందా?" అని లోపలికి పిలిచారు. హాల్లో ఒక మూల గుడ్డ కప్పిన మిషన్ ఒకటి ఉంది.

"గా కోర్సు గురించి మీకు సరిగ్గ చెప్పలే టీచర్. మనసుల పెట్టుకోకుండ్రి" అన్నాను.

"ఏం చెప్పలే? గిట్ల అతుకులేసి చెప్తె నాకు సమజ్ గాదు. మొదటికెల్లి చెప్పు."

మొదటి నుంచి చెప్పాను.

"నాలుగో ప్రశ్నల ఒక్కొక్కరికి ఎంతసేపు ఇస్తరని అడిగిన్రు. ఒక్క నిమిషం గూడ ఇయ్యరు టీచర్. తాళం ఏసి ఉంటది. నాకూ ఇయ్యలే, ముట్టకుండనే పాసైన. సికింద్రాబాద్‌ల చేతికిస్తరని నాకెరుకే. చెప్తె నా ఇజ్జత్ పోతదని చెప్పలే. మీ బుర్రల ఏ తప్పు లేదు టీచర్. తప్పంత నాది. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."