నూనె పూసిన ఫిల్టరు

మా అబ్బా బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేను వరంగల్‌లోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంజన్ల పాఠాలు చెబుతాను. ఇలాంటి ఇద్దరు ఒకే కారు బానెట్ కింద తల పెట్టకూడదు. మా ఇంట్లో ఇంకో చిక్కు కూడా ఉంది. నేను "అబ్బా" అంటే నాన్నను పిలిచానో, విసుక్కున్నానో వినేవాళ్లకు తెలియదు. ఆ ఆదివారం మాత్రం రెండూ ఒకటే.

కారు నాది. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, పాతదే, హైదరాబాద్‌లో ఒక డాక్టరు దగ్గర కొన్నాను. దానికి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ తెప్పించాను. ఇంజన్ గాలి పీల్చుకునే నల్లపెట్టె తీసేసి, దాని బదులు వెడల్పాటి గొట్టం, చివర పెద్ద ఫిల్టరు పెడతారు. వేడి ఇంజన్ మీది గాలి కాకుండా బయటి చల్లగాలి లోపలికి పోతుంది, కారు కొంచెం చురుగ్గా లాగుతుంది, చప్పుడు బాగుంటుంది. ఇదంతా అమ్మీకి చెబితే ఆమె బియ్యం ఏరుతూనే, "మన వరంగల్‌ల చల్లగాలి యాడున్నదే దానికి?" అని అడిగింది. మే నెల.

వీడియోలో ఆ పని గంటలో అయిపోయింది. పోర్టికోలో మాకు పొద్దున్నుంచి సాయంత్రం అసర్ నమాజు దాకా పట్టింది. కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంటానని అబ్బా మాటిచ్చారు. ఐదు నిమిషాలకు కుర్చీ కారు పక్కకు జరిగింది, పది నిమిషాలకు పానా ఆయన చేతిలో ఉంది. నేను విప్పిన ప్రతి బోల్టూ గుడ్డతో తుడిచి, వంటింట్లోంచి తెచ్చిన స్టీలు పళ్లెంలో వరసగా పేర్చారు. ఆ తుడవడంలోనే ఒకటి జారి కారు కింది ప్లాస్టిక్ రేకులో పడింది. దాన్ని తీయడానికి ఆ రేకే విప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత కొత్త గొట్టాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ రంధ్రం కుదరలేదు. ఆకురాయితో అరగదీస్తానన్నారు అబ్బా. వద్దు, కంపెనీవాళ్లకు రాసి వేరేది తెప్పిస్తానన్నాను. నేను ఫోనులో ఫొటోలు తీస్తుండగానే ఆయన అరగదీసేశారు. సరిగ్గా కుదిరింది. అది ఇంకా కోపం తెప్పించింది.

ఇంతలో పరీక్షల డ్యూటీ గురించి మా హెచ్‌ఓడీ ఫోను చేస్తే లోపలికి వెళ్లాను. పావుగంటకు తిరిగి వచ్చేసరికి ఫిల్టరు బిగించి ఉంది, అబ్బా చేతులు తుడుచుకుంటున్నారు. స్టార్ట్ చేస్తే చప్పుడు నిజంగానే బాగుంది. నేను నవ్వాను, ఆయనా నవ్వారు. ఆ రోజంతటికీ అదొక్కటే మంచి నిమిషం.

సోమవారం కాలేజీకి వెళుతుంటే హన్మకొండ చౌరస్తా దగ్గర కారు దగ్గడం మొదలుపెట్టింది. డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగింది. సిగ్నల్ దగ్గర ఆగిపోయి మళ్లీ అందుకోలేదు. వెనక బస్సు, పక్కన ఆటోలు, అందరి హారన్లూ నా మీదే. ఇద్దరు ఆటోవాళ్లు దిగి కారును పక్కకు తోశారు. వాళ్లలో పెద్దాయన, "గింత ఖరీదు కారు, నా ఆటో కంటే అధ్వానం దగ్గుతాంది మేడం," అన్నాడు. థాంక్స్ చెప్పి అబ్బాకు ఫోను చేశాను.

ఆయన స్కూటరు మీద వచ్చేలోపే సంగతి తేలిపోయింది. లోపలికి పోయే గాలిని కొలిచే సెన్సరు ఒకటి ఆ గొట్టంలోనే ఉంటుంది. రెండు స్క్రూలు విప్పి దాన్ని బయటకు తీస్తే జిడ్డు. వాసన చూస్తే ఇంజన్ ఆయిల్. అది అంటితే సెన్సరు లెక్క తప్పుతుంది.

"అబ్బా, ఫిల్టరుకు నూనె పూసిన్రా?" ఆయన స్కూటరు ఆపగానే అడిగాను.

"పూసిన," అన్నారు ఆయన మామూలుగా. "నూనె లేంది దుమ్ము ఆగుతదా బేటా? డిపోల నేను పెట్టిన ఫిల్టర్లన్నీ గంతే."

"ఇది మీ డిపో బస్సు కాదు. ముట్టుకోవద్దంటే ఎందుకు ముట్టుకుంటరు?"

రోడ్డు మీద, ఆటోవాళ్లు వింటుండగా అన్నాను. ఆయన హెల్మెట్ పెట్టుకుని, నేను సెన్సరు వైరు పీకేసి, అది లేకుండా ఎలాగోలా నడిచే కారును మెల్లగా ఇంటికి తెచ్చేదాకా స్కూటరు మీద నా వెనకే వచ్చారు.

ఫిల్టరును సబ్బునీళ్లతో కడిగి ఫ్యాను కింద ఆరబెట్టాను. సెన్సరు కడిగే స్ప్రే ఊళ్లో ఏ షాపులోనూ దొరకలేదు. ఆర్డరు పెట్టి, అది వచ్చేదాకా ఆటోల్లో కాలేజీకి తిరిగాను. అబ్బా పోర్టికోలోకి రావడం మానేశారు. పేపరు కూడా లోపలే చదువుకున్నారు. అమ్మీ ఇద్దరికీ వేర్వేరుగా అన్నం పెట్టింది. నేనన్నదాంట్లో తప్పు లేదు కదా అని రోజూ అనుకున్నాను. అలా అనుకున్న కొద్దీ చిరాకు పెరిగింది.

బుధవారం చెత్తలో పడేయబోతూ ఇన్‌టేక్ వచ్చిన అట్టపెట్టె విప్పి చూశాను. అడుగున సూచనల కాగితం మడత విప్పకుండా ఉంది. ఈ ఫిల్టరుకు నూనె వాడరాదని ఇంగ్లిషులో నల్లటి అక్షరాలతో రాసి ఉంది. నేను దాన్ని చదవనే లేదు. ఆయనకు ఒక్కముక్క చెప్పనూ లేదు. పిల్లలకు మాత్రం ముందు మాన్యువల్ చదవమని ప్రతి సెమిస్టరూ చెబుతాను.

గురువారం సాయంత్రం స్ప్రే వచ్చింది. సెన్సరు కడిగి, అంతా మళ్లీ బిగిస్తుంటే బ్రాకెట్ బోల్టు పట్టలేదు. గొట్టం ఎత్తితే బోల్టు జారుతుంది, బోల్టు పట్టుకుంటే గొట్టం దిగుతుంది. అరగంట పెనుగులాడి గుమ్మం దగ్గరికి వెళ్లాను.

"అబ్బా, జర వస్తరా? బోల్టు పడుతలేదు."

ఆయన పేపరు మడిచి వచ్చారు. స్క్రూడ్రైవరుతో గొట్టాన్ని పైకి లేపి పట్టుకుని, ఇంకో చేత్తో బోల్టు తిప్పేశారు. నిమిషం కూడా పట్టలేదు. సూచనల కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదివారు.

"గిది ముందుగాల్నే చూపిస్తే అయిపోవు గద."

"చూపియ్యలే. నాదే తప్పు," అన్నాను. "చౌరస్తాల అట్ల అనకుంట ఉండాల్సుండె."

"ఆటోవాళ్ల ముంగట అన్నవ్, గదే," అన్నారు. అంతకు మించి ఆ మాట ఎత్తలేదు.

రెండు రోజులు నడిపాక లైటు ఆరిపోయింది. బలం పెరిగిందా అంటే, వరంగల్ ట్రాఫిక్‌లో రెండో గేరు దాటనిదే నాకెలా తెలుస్తుంది? చప్పుడుకు మాత్రం పక్కింటివాళ్లు కిటికీ మూసుకుంటున్నారు. తర్వాతి శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక నర్సంపేట రోడ్డు మీదికి తీసుకెళ్లమని అబ్బానే అడిగారు. రోడ్డు ఖాళీగా ఉంది. నేను కాలు నొక్కాను, ఇంజన్ గట్టిగా ఊపిరి పీల్చింది. ఆయన ముందుకు వంగి విని, గేరు మార్చమన్నారు. మార్చాను. ఇంకొంచెం ముందే మార్చాల్సింది అన్నారు. నర్సంపేట చేరేదాకా ప్రతి గేరూ ఆయనే మార్పించారు.