డిటెక్టివ్‌ను మార్చబోయి

ఒక సినిమాను, ఒక మామ మనసును, ఒక ఇంటి పరువును ఒకే పూటలో గండంలో పడేసిన ఘనుణ్ని చూడాలంటే మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఈ ముక్కలు రాస్తున్నది ఆ ఘనుడే.

బీదర్‌లో మా తెలుగు చర్చి యువకులం ఏటా క్రిస్మస్‌కు ఫోన్‌తో ఒక నవ్వుల సినిమా తీస్తాం. పేరు ‘డిటెక్టివ్ తీగలయ్య’. మొదటి మూడు భాగాలకూ హీరో సామెలు మామ. బస్సు కండక్టర్‌గా రిటైరైన మనిషి. పొట్ట ముందు, కోటు వెనక నడిచేవి. సాక్షుల సీన్లకు మేం మాటలు రాసుకోం. ఏదో ఊళ్లో ఒక తలుపు కొట్టడం, వాళ్లు నోటికొచ్చింది చెప్పడం, మేం తీసుకోవడం. అయితే మామ ప్రతి ఇంట్లో అరగంట కూర్చుని, చాయ్ తాగి, మోకాళ్ల నొప్పుల సంగతి అడిగాకే కేసులోకి దిగేవాడు.

దర్శకుణ్ని కదా, నాకు ఆ అరగంట దండగనిపించింది. నాలుగో భాగానికి ప్రశాంత్‌ను పట్టుకొచ్చాను. సిద్దిపేట నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. గడ్డం, నల్ల కళ్లద్దాలు, అచ్చం డిటెక్టివే.

“మామా, ఈసారి జర కొత్త మొఖం పెడ్దామనుకుంటున్నం,” అన్నాను.

“మంచిదే ప్రేమయ్యా,” అన్నాడు మామ. కోటు మడతపెట్టి ఇచ్చి, ఒక గుండీ లూజుగా ఉందని కూడా చెప్పాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

పక్కనున్న చిమ్కోడ్‌ అనే ఊరికి వెళ్లాం. కథలో ఒక మేక పోయింది. నేను ట్రాక్టర్ వెనక నక్కి ఫోన్ పట్టుకున్నాను. ప్రశాంత్ ఒక తలుపు కొట్టాడు.

“ఎదురింట్ల ఎవరుంటరమ్మా? మంచోళ్లేనా? ఎవరెవరు వచ్చిపోతుంటరు?”

సంబంధం మాట్లాడే ముందు పిల్ల ఇంటి గురించి ఇరుగుపొరుగును చాటుగా అడగడం మా వైపు మామూలే. ఎదురింటి యేసురత్నం కూతురు గ్రేసుకు కమలనగర్ సంబంధం అనుకుంటున్నారట. ఆ వారమే ఆరా తీసే మనిషి వస్తాడని వీధి వీధంతా కాచుకుని ఉంది. ఈ సంగతి మా ఇద్దరికే తెలీదు.

“బంగారమసుంటి మనుషులు బిడ్డా. పిల్ల నర్సు. ఎవరి జోలికి పోదు,” అంది ఆ ఇంటావిడ.

“మరి మేక సంగతేంది?” అన్నాడు ప్రశాంత్, కథ ప్రకారం.

“మేకనా? పెండ్లికి మేకే కోస్తరు తియ్యి. నడువు, నేనే తోల్కపోత.”

పది నిమిషాల్లో మా డిటెక్టివ్ యేసురత్నం ఇంట్లో కుర్చీలో ఉన్నాడు. ముందు పళ్లెం నిండా గారెలు, ఎదురుగా గ్రేసు. నేను పరుగెత్తుకెళ్లి, “పెదనాయనా, ఇది సినిమా,” అన్నాను.

“నా బిడ్డతోని సినిమా తీస్తున్నవా?” యేసురత్నం నా ఫోన్ గుంజుకుని గూట్లో పెట్టాడు. తలుపు గడియ వేశాడు. “ఈ ఊర్ల నిన్నెరిగినోడు ఒక్కడన్న ఉన్నడా?”

నన్నెరిగినవాడు లేడు. ఊరంతా ఎరిగినవాడు ఒక్కడున్నాడు. సామెలు మామ పేరు చెప్పగానే యేసురత్నమే కబురు చేశాడు. మామ స్కూటర్ మీద వచ్చి, నావైపు చూడకుండా కూర్చుని చాయ్ అడిగాడు. యేసురత్నం మోకాళ్లు, ఆయన భార్య బీపీ, బర్రె ఈనడం, అన్నీ అడిగాడు. అప్పుడర్థమైంది నాకు, ఆ అరగంటే మా సినిమాకు పర్మిషన్ అని. నిజంగా సిగ్గేసింది.

తరువాత మామ ప్రశాంత్ వైపు తిరిగాడు.

“పెండ్లయిందా?”

“కాలే.”

“తాగుడు?”

“లేదు.”

“పోయిన ఐతారం యాడున్నవ్?”

“చర్చిల. మీ పక్కనే కూసున్న.”

“యేసురత్నమయ్యా, మేక దొరకలేగని పిలగాడు దొరికిండు. కమలనగరోళ్లు ఇంక గడప తొక్కనే లేదు. బిడ్డనడుగు.”

గ్రేసు తల ఎత్తింది. “ఆ కండ్లద్దాలు తీస్తే మంచిగనే ఉన్నడు.” మాట పూర్తి కాకముందే అద్దాలు జేబులోకి పోయాయి.

ఈస్టర్ తరువాత వాళ్ల పెళ్లయింది. గూట్లో పెట్టిన ఫోన్ ఇదంతా రికార్డు చేస్తూనే ఉంది కాబట్టి, అందరూ ఒప్పుకున్నాక, నాలుగో భాగం అదే అయింది. హీరో మళ్లీ మామే, కోటు కూడా లేకుండా.

“నువ్వు సినిమాల హీరోను మార్చినవ్, వాళ్లు పెండ్లిల హీరోను మార్చిండ్రు,” అన్నాడు మామ. “ఐదోది చేస్తగని, ఒక్కటే షరతు. మేక వేషం నువ్వెయ్యాలె.”

కనుక సంఘపెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మామ నడవగలిగినన్నాళ్లు హీరోను మార్చను. మేకను మార్చే వీలుందా అని మాత్రం అడిగాను. మామ ఇంకా చాయ్ తాగుతున్నాడు.